పలాస గోడౌన్‌లో ఒక లినక్స్ మెషిన్, శ్రీకాకుళం ఆఫీసులో ఇంకోటి: మధ్యలో వైర్‌గార్డ్ టన్నెల్ ఎలా వెయ్యాలి

మన వైపు ఈ అవసరం చాలామందికి ఉంటది. జీడిపప్పు ఫ్యాక్టరీ పలాస కాశీబుగ్గలో ఉంటది, లెక్కలు చూసే మనిషి శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఎక్కడో కూర్చుంటాడు, అక్కడి సిస్టమ్‌లో స్టాక్ ఎంతుందో ఇక్కడినుంచి చూడాలి, రాత్రి బ్యాకప్ ఇక్కడికి రావాలి. దానికి ఎక్కువమంది చేసేదేంటంటే రూటర్‌లో పోర్ట్ ఓపెన్ చేసేసి డేటాబేస్‌నో కెమెరాల డీవీఆర్‌నో నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టేస్తారు. దయచేసి అది చెయ్యకండి, దాని బదులు వైర్‌గార్డ్‌తో టన్నెల్ వెయ్యండి, అంటే ఇంటర్నెట్ మీదుగానే రెండు మెషిన్ల మధ్య కీలతో తాళం వేసిన ప్రైవేట్ దారి. అలా తెరిచిన పోర్ట్‌ని ఎక్కడెక్కడి బాట్లో, అంటే వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు, పగలూ రాత్రీ పాస్‌వర్డ్‌లు మార్చి మార్చి తడుతూనే ఉంటాయి, ఆ డీవీఆర్‌కి కంపెనీ వాడు ఇచ్చిన పాస్‌వర్డే ఇంకా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

టన్నెల్ వెయ్యడం పెద్ద పని కాదు, కాఫీ తాగేలోపు అయిపోద్ది. అసలు కష్టం ఎక్కడంటే, వాన పడి పలాసలో కరెంట్ పోయి మళ్ళీ వచ్చాక ఎవరూ ముట్టుకోకుండా టన్నెల్ దానంతటదే లేవాలి. అది లేవకపోతే హైవే ఎక్కి అంత దూరం వెళ్ళాల్సింది మీరే. అందుకని ఇందులో సగం టన్నెల్ వెయ్యడం గురించి, సగం అది పడుకోకుండా చూడడం గురించి రాస్తున్నా.

కమాండ్లు పలికినట్టు తెలుగులోనే రాస్తున్నా, టెర్మినల్‌లో మీరు ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో కొట్టుకోండి. కాన్ఫిగ్ ఫైల్‌లో వచ్చే ప్రైవేట్‌కీ, అలౌడ్‌ఐపీస్ లాంటివి ఒక్కొక్కటీ ఒకే మాట, మధ్యలో ఖాళీ ఉండదు.

ఎందుకు వైర్‌గార్డ్ అంటే, 2020 మార్చిలో వచ్చిన లినక్స్ కెర్నల్ 5.6 నుంచి అది కెర్నల్‌లోనే, అంటే లినక్స్ అసలు గుండెకాయలోనే, ఉంది, ఉబుంటు 20.04, డెబియన్ 11, వాటి తర్వాతవి ఏవైనా సరే విడిగా మాడ్యూల్ కట్టుకునే పని లేదు. సర్టిఫికెట్ల గోల లేదు, ఒక్కో మెషిన్‌కి ఒక జత కీలు, ఒక చిన్న ఫైల్, అంతే. మీకు కావాల్సింది ఒకే ఒక్క పోర్ట్ అయితే, అదీ ఎప్పుడో ఒకసారి అయితే, ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) రివర్స్ టన్నెల్ చాలు, ఇదంతా అక్కర్లేదు. రోజూ నడవాలంటే మాత్రం ఇదే వెయ్యండి.

ముందు తేల్చుకోవాల్సింది, రెండిట్లో బయటినుంచి కనిపించే మెషిన్ ఏది? కనీసం ఒక్కటైనా కనపడాలి. రూటర్ పేజీలోకి వెళ్ళి వ్యాన్ ఐపీ అని ఉన్నది, అంటే రూటర్‌కి బయటివైపు ఉన్న ఐపీ, చూడండి, తర్వాత బ్రౌజర్‌లో మై ఐపీ అని వెతికితే వచ్చేది చూడండి. రెండూ ఒకటే అయితే మీకు నిజమైన పబ్లిక్ ఐపీ ఉన్నట్టు. వేరువేరుగా ఉన్నా, వ్యాన్ ఐపీ 10 తోనో, 100.64 నుంచి 100.127 లోపో మొదలైనా, మీరు క్యారియర్ న్యాట్ వెనకాల ఉన్నట్టు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని కంపెనీ వాళ్ళు చాలామంది కస్టమర్లకి పంచుతున్నారు, మీ రూటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా బయటివాళ్ళు లోపలికి రాలేరు. ఊళ్ళలో ఇచ్చే చాలా ఫైబర్ కనెక్షన్లు, సిమ్ రూటర్లు ఇంతే. రెండువైపులా ఇదే పరిస్థితి అయితే ఒకవైపు స్టాటిక్ ఐపీ, అంటే మారని పబ్లిక్ ఐపీ, కొనండి, లేదా ముంబైలోనో ఇంకెక్కడో ఒక చిన్న వీపీఎస్, అంటే ఇంటర్నెట్‌లో పబ్లిక్ ఐపీతో నడిచే మెషిన్, అద్దెకి తీసుకుని రెండు మెషిన్లనీ దానికి కలపండి. నన్నడిగితే స్టాటిక్ ఐపీ ఇస్తే అదే తీసుకోండి, మధ్యలో మూడో మెషిన్ ఉంటే దాని అప్‌డేట్‌లు కూడా మీరే చూసుకోవాలి.

ఇక్కడ శ్రీకాకుళం ఆఫీసుకి స్టాటిక్ ఐపీ ఉంది, పలాస న్యాట్ వెనకాల ఉంది అనుకుందాం. శ్రీకాకుళం ఐపీ 203.0.113.25 అనుకుందాం, ఇది ఉదాహరణల కోసమే పక్కన పెట్టిన అడ్రస్, మీరు మీది రాసుకోండి.

ఇంకో సంగతి, పలాస మెషిన్‌ని పలాసలో కూర్చుని సెట్ చెయ్యకండి. శ్రీకాకుళంలోనే టేబుల్ మీద పెట్టుకుని చెయ్యండి, కాకపోతే దాన్ని ఆఫీస్ వైఫైకి కాకుండా మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. ఆఫీస్ లోపలినుంచి ఆఫీస్ పబ్లిక్ ఐపీకే వెళ్ళబోతే చాలా రూటర్లు వెనక్కి తిప్పవు, అన్నీ కరెక్ట్‌గా ఉన్నా పనిచెయ్యట్లేదనిపిస్తది. హాట్‌స్పాట్ మీద పనిచేసిందంటే పలాసలో కూడా పనిచేస్తదని గట్టిగా నమ్మొచ్చు.

ఇప్పుడు రెండు మెషిన్లలోనూ

సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ వైర్‌గార్డ్

కొట్టండి. తర్వాత సుడో హైఫన్ ఐ తో రూట్ అయ్యి, ఈటీసీ లోపల ఉన్న వైర్‌గార్డ్ ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఈ మూడూ వరసగా:

యూమాస్క్ 077
డబ్ల్యూజీ జెన్‌కీ > ప్రైవేట్
డబ్ల్యూజీ పబ్‌కీ < ప్రైవేట్ > పబ్లిక్

మొదటి లైన్ వదిలెయ్యకండి, అది ఉంటేనే ప్రైవేట్ కీ ఫైల్ రూట్‌కి తప్ప ఇంకెవరికీ కనపడదు. పబ్లిక్ ఫైల్ తెరిస్తే 44 అక్షరాల కీ ఉంటది, చివర ఈక్వల్ గుర్తు ఉంటది, ఆ గుర్తు కూడా కీలో భాగమే. కాపీ చేసేటప్పుడు జనం ఎక్కువగా వదిలేసేది దాన్నే. పబ్లిక్ కీని వాట్సాప్‌లో పంపుకున్నా పర్లేదు, ప్రైవేట్ కీ మాత్రం పుట్టిన మెషిన్ దాటి బయటికి రాకూడదు, ఫోటో కూడా తియ్యొద్దు. కీని ఫోన్‌లో చదివి చెప్పించుకోవడం అసలొద్దు, పెద్ద ఐ అక్షరానికీ చిన్న ఎల్ అక్షరానికీ తేడా తెలీక ఒక పూటంతా పోద్ది.

శ్రీకాకుళం మెషిన్‌లో అదే ఫోల్డర్‌లో డబ్ల్యూజీ0 డాట్ కాన్ఫ్ అనే ఫైల్ తెరిచి, పైన స్క్వేర్ బ్రాకెట్లలో ఇంటర్‌ఫేస్ అని రాసి, దాని కింద

అడ్రస్ = 10.20.30.1/24
లిజన్‌పోర్ట్ = 51820
ప్రైవేట్‌కీ = శ్రీకాకుళం ప్రైవేట్ కీ

తర్వాత మళ్ళీ స్క్వేర్ బ్రాకెట్లలో పీర్ (అవతలి మెషిన్ అని అర్థం) అని రాసి

పబ్లిక్‌కీ = పలాస పబ్లిక్ కీ
అలౌడ్‌ఐపీస్ = 10.20.30.2/32

పలాస మెషిన్‌లో అదే పేరుతో ఫైల్, ఇంటర్‌ఫేస్ కింద

అడ్రస్ = 10.20.30.2/24
ప్రైవేట్‌కీ = పలాస ప్రైవేట్ కీ

పీర్ కింద

పబ్లిక్‌కీ = శ్రీకాకుళం పబ్లిక్ కీ
ఎండ్‌పాయింట్ = 203.0.113.25:51820
అలౌడ్‌ఐపీస్ = 10.20.30.1/32
పర్సిస్టెంట్‌కీపలైవ్ = 25

ప్రతి మెషిన్‌లో తన ప్రైవేట్ కీ, అవతలివాడి పబ్లిక్ కీ. ఇది తిరగబడితే ఏ ఎర్రరూ రాదు, ఊరికే మౌనంగా ఉంటది. చివరి లైన్ పలాసలోనే ఎందుకంటే, న్యాట్ వెనకాల ఉన్నవాడు కాసేపు ఏమీ మాట్లాడకపోతే రూటర్ ఆ కనెక్షన్ మర్చిపోతది, అప్పుడు శ్రీకాకుళం నుంచి పిలిచినా అందదు. 25 సెకన్లకోసారి చిన్న ప్యాకెట్ వెళ్తుంటే ఆ దారి తెరిచే ఉంటది.

అలౌడ్‌ఐపీస్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తంలో జనం తప్పుగా అర్థం చేసుకునేది అదొక్కటే. అది రెండు పనులు చేస్తది. బయటికి వెళ్ళేటప్పుడు, ఫలానా ఐపీకి వెళ్ళే ప్యాకెట్ ఏ పీర్‌కి ఇవ్వాలో చెప్తది. లోపలికి వచ్చేటప్పుడు, ఆ పీర్ ఏ ఐపీ పేరుతో మాట్లాడొచ్చో కూడా అదే చెప్తది, వేరే ఐపీ పేరుతో వస్తే పడేస్తది. చాలా చోట్ల చూసి 0.0.0.0/0 అని, అంటే అన్ని ఐపీలూ అని, పెట్టేస్తారు, అలా పెడితే పలాస మెషిన్ ఇంటర్నెట్ మొత్తం టన్నెల్‌లోకి మళ్ళిపోద్ది, మీరు వేరే దారిలో ఎస్ఎస్‌హెచ్ చేసి ఉంటే అది అక్కడికక్కడే తెగిపోవచ్చు. రెండు మెషిన్లు మాట్లాడుకోవడానికి /32, అంటే ఆ ఒక్క ఐపీ, చాలు.

ఇక శ్రీకాకుళం రూటర్‌లో 51820 పోర్ట్‌ని, యూడీపీ అని ఎంచుకుని, టీసీపీ కాదు, ఆఫీస్ మెషిన్ లోకల్ ఐపీకి ఫార్వర్డ్ చెయ్యండి. ఆ లోకల్ ఐపీ మారకుండా రూటర్‌లోనే రిజర్వ్ చేసి పెట్టండి. మెషిన్‌లో యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ నడుస్తుంటే సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 51820/యూడీపీ. దీన్ని తెరిచినందుకు భయం అక్కర్లేదు, సరైన కీ లేనివాడు ఎంత తట్టినా వైర్‌గార్డ్ అసలు బదులే ఇవ్వదు, బయటివాడికి అక్కడ ఏదో ఉందన్న సంగతే తెలీదు.

రెండువైపులా

సుడో డబ్ల్యూజీ-క్విక్ అప్ డబ్ల్యూజీ0

కొట్టి, పలాస మెషిన్ నుంచి పింగ్ 10.20.30.1 ఇవ్వండి. వచ్చిందా, చాలా మంచిది. సుడో డబ్ల్యూజీ షో కొడితే లేటెస్ట్ హ్యాండ్‌షేక్ (రెండు మెషిన్లూ ఒకదాని కీ ఒకటి సరిచూసుకోవడం) అని కొన్ని సెకన్ల కిందటిది కనిపిస్తది. మాటలు నడుస్తున్నంతసేపు ఆ హ్యాండ్‌షేక్ రెండు నిమిషాలకోసారి కొత్తగా అవుతుంటది, కాబట్టి అక్కడ పది నిమిషాలు అని కనిపించిందంటే టన్నెల్ పడిపోయినట్టే.

పింగ్ రాలేదనుకోండి, కాన్ఫిగ్‌ని గుడ్డిగా మార్చుకుంటూ పోకండి. శ్రీకాకుళం మెషిన్‌లో

సుడో టీసీపీడంప్ -ఎన్ -ఐ ఎనీ యూడీపీ పోర్ట్ 51820

పెట్టి చూస్తూ కూర్చోండి, ఆ పోర్ట్‌లో వచ్చిపోయే ప్యాకెట్లన్నీ అది చూపిస్తది. పలాస నుంచి 148 బైట్ల ప్యాకెట్ రావాలి, అది హ్యాండ్‌షేక్ అడగడం, వెంటనే ఇక్కడినుంచి 92 బైట్లది వెళ్ళాలి, అది బదులు. స్క్రీన్ మీద ఏమీ రాకపోతే తప్పు దారిలో ఉంది, రూటర్ ఫార్వర్డింగ్, టీసీపీ యూడీపీ తేడా, ఐపీ, ఇవి చూసుకోండి. 148 ఐదేసి సెకన్లకోసారి వస్తూ 92 అసలు వెళ్ళట్లేదంటే దారి బాగానే ఉంది, కీలు తప్పు, లేదంటే గడియారం తప్పు, లేదంటే ఆ మెషిన్‌లోని ఫైర్‌వాలే ఆపుతోంది. 92 వెళ్తున్నా పలాసవాడు 148 అడుగుతూనే ఉన్నాడంటే బదులు అక్కడికి చేరట్లేదు. ఈ రెండు నంబర్లు గుర్తుపెట్టుకుంటే చాలు, సగం సమస్యలు ఫోన్ చేసి ఎవర్నీ అడక్కుండానే తేలిపోతాయి.

గడియారం అన్నాను కదా, మన ఊళ్ళలో అది చిన్న విషయం కాదు. వైర్‌గార్డ్ ప్రతి హ్యాండ్‌షేక్ లోపల టైమ్ పెట్టి పంపుతది, పాత ప్యాకెట్‌ని ఎవడైనా దాచుకుని మళ్ళీ పంపకుండా, అవతలి మెషిన్ ఆ పీర్ నుంచి చివరిగా చూసిన టైమ్ కంటే ముందుదేదైనా వస్తే పట్టించుకోదు. ఇప్పుడు పలాసలో పెట్టింది పాత డెస్క్‌టాప్ అనుకోండి, మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ళంత సీఆర్2032 సెల్ అయిపోయి ఉంటది, కరెంట్ పోయి వస్తే తేదీ ఎక్కడో ఏళ్ళ వెనక్కి వెళ్ళిపోద్ది. రాస్ప్‌బెర్రీ పై 4 అయినా అంతే, దానికసలు గడియారం సెల్లే లేదు. మెషిన్ లేస్తది, హ్యాండ్‌షేక్ పంపుతది, శ్రీకాకుళం మెషిన్ ఇది పాతది అని పక్కన పడేస్తది. అక్కడి కుర్రాడికి ఫోన్ చేస్తే "ఏటి బాబూ, ఇక్కడ నెట్ బాగానే వస్తోంది, సిస్టమ్ ఆన్‌లోనే ఉంది" అంటాడు, అతను చెప్పింది నిజమే.

దీనికి మందు, సెల్ మార్చండి, ముందు అది. తర్వాత టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి టైమ్ సింక్ అవుతోందో లేదో చూడండి. సింక్ మామూలు ఇంటర్నెట్ మీద జరుగుతున్నంత వరకూ ఫర్వాలేదు, నెట్ వచ్చిన కాసేపటికి టైమ్ సరవుతది, కీపలైవ్ ఉంది కాబట్టి వైర్‌గార్డ్ అడుగుతూనే ఉంటది, టన్నెల్ దానంతటదే కలుస్తది. 0.0.0.0/0 పెట్టినవాళ్ళకి మాత్రం ఇది పెద్ద ముడి, టైమ్ సరవ్వాలంటే టన్నెల్ కావాలి, టన్నెల్ కలవాలంటే టైమ్ సరవ్వాలి, ఇక ఎవరో ఒకరు వెళ్ళాల్సిందే. పైన వద్దన్నది ఇందుకు కూడా.

పింగ్ బాగా వచ్చాక, ముందు కాదు, రెండువైపులా

సుడో డబ్ల్యూజీ-క్విక్ డౌన్ డబ్ల్యూజీ0
సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ డబ్ల్యూజీ-క్విక్@డబ్ల్యూజీ0

కొట్టండి, ఇక బూట్ అయిన ప్రతిసారీ అదే లేస్తది.

అయితే మెషిన్ అసలు బూట్ అవ్వాలి కదా. పలాస మెషిన్ బయోస్‌లోకి వెళ్ళి, కరెంట్ పోయి వస్తే ఏం చెయ్యాలి అనే సెట్టింగ్ ఉంటది, రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అనో ఆఫ్టర్ పవర్ ఫెయిల్యూర్ అనో, దాన్ని పవర్ ఆన్‌కి మార్చండి. డిఫాల్ట్‌గా చాలా బోర్డుల్లో ఆఫ్‌లో ఉంటది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఎలా కొట్టిందో మనందరికీ తెలుసు, అలాంటప్పుడు కరెంట్ ఏ అర్ధరాత్రో వస్తది, అప్పుడు గోడౌన్‌కి వెళ్ళి సీపీయూ బటన్ నొక్కే మనిషి ఎవడుంటాడు. ఫైబర్ బాక్స్‌కి, రూటర్‌కి ఒక చిన్న యూపీఎస్ పెడితే ఇంకా మంచిది.

ఆఫీసు ఐపీ స్టాటిక్ కాకుండా మారేదైతే, ఎండ్‌పాయింట్‌లో ఐపీ బదులు డైనమిక్ డీఎన్ఎస్ పేరు పెట్టుకుంటారు. పెట్టుకోవచ్చు, కానీ ఆ పేరు ఐపీగా మారేది ఇంటర్‌ఫేస్ లేచేటప్పుడు ఒక్కసారే, తర్వాత ఐపీ మారినా వైర్‌గార్డ్ పాత ఐపీనే పట్టుకుని కూర్చుంటది. అందుకని పలాస మెషిన్‌లో రూట్ క్రాన్‌ట్యాబ్‌లో, అంటే టైమ్ ప్రకారం కమాండ్లు నడిపే జాబితాలో, ఐదు నిమిషాలకోసారి నడిచేలా ఈ లైన్ పెట్టండి:

పింగ్ -సీ 3 -డబ్ల్యూ 5 10.20.30.1 || సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ డబ్ల్యూజీ-క్విక్@డబ్ల్యూజీ0

ఇందులో పింగ్‌కి ఇచ్చే డబ్ల్యూ పెద్ద అక్షరం. పింగ్ రాకపోతే రీస్టార్ట్, వస్తే ఏమీ లేదు. స్టాటిక్ ఐపీ ఉన్నా ఇది పెట్టి ఉంచండి, బూట్ టైమ్‌లో ఏదైనా తేడా వచ్చి సర్వీస్ లేవకపోయినా ఇదే లేపుతది.

పింగ్ వస్తోంది, ఎస్ఎస్‌హెచ్ లాగిన్ కూడా అవుతోంది, కానీ పెద్ద ఫైల్ పంపితే బిగుసుకుపోతోంది అంటే అది ఎంటీయూ సమస్య, ఎంటీయూ అంటే ఒక్క ప్యాకెట్ ఎన్ని బైట్ల దాకా ఉండొచ్చన్న హద్దు. వైర్‌గార్డ్ మామూలుగా 1420 తీసుకుంటది, పీపీపీఓఈ లైన్ (రూటర్‌లో యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి కలిపేది) అయినా సిమ్ రూటర్ అయినా దారి అంతకంటే ఇరుకుగా ఉండొచ్చు. రెండు ఫైళ్ళలోనూ ఇంటర్‌ఫేస్ కింద ఎంటీయూ = 1380 అని పెట్టి చూడండి, అప్పటికీ కాకపోతే 1280.

పలాసలో మెషిన్ ఒక్కటే కాదు, దాని పక్కనున్న డీవీఆర్ కూడా కావాలంటే ముందు రెండు ఆఫీసుల లోకల్ నెట్‌వర్క్‌లు వేరుగా ఉన్నాయా చూడండి. రెండు రూటర్లూ 192.168.1 తోనే వచ్చుంటాయి, అలా ఉంటే కుదరదు, పలాస రూటర్‌ని 192.168.50 కి మార్చండి. తర్వాత శ్రీకాకుళం వైపు అలౌడ్‌ఐపీస్‌లో కామా పెట్టి 192.168.50.0/24 కలపండి, పలాస మెషిన్‌లో సిస్‌సీటీఎల్ ఫైల్‌లో నెట్.ఐపీవీ4.ఐపీ_ఫార్వర్డ్ = 1 చెయ్యండి, పలాస రూటర్‌లో 10.20.30.0/24 కి దారి ఈ మెషినే అని స్టాటిక్ రూట్ ఇవ్వండి. ఆ రూటర్‌లో స్టాటిక్ రూట్ పెట్టే చోటు లేకపోతే మెషిన్‌లోనే మాస్కరేడ్ పెట్టుకోవాలి, అంటే టన్నెల్ నుంచి వచ్చినవి ఈ మెషిన్ నుంచే వస్తున్నట్టు డీవీఆర్‌కి చూపించాలి.

దూరం నుంచి ఇలాంటి మార్పులు చేసేటప్పుడు ఒక పద్ధతి తప్పకుండా పాటించండి. పలాస మెషిన్‌లో ముందు పాత కాన్ఫిగ్ ఫైల్‌ని వేరే పేరుతో కాపీ చేసి పెట్టుకోండి, పదిహేను నిమిషాల తర్వాత ఆ కాపీని వెనక్కి పెట్టి రీబూట్ చేసేలా యాట్ కమాండ్‌తో ఒక పని వేసి పెట్టండి, అప్పుడు కొత్త మార్పు చేసి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యండి. టన్నెల్ మళ్ళీ కలిసిందా, ఆ పనిని ఏటీఆర్ఎమ్‌తో కొట్టేయండి. కలవలేదా, టీ తాగి రండి, మెషిన్ తనే పాత కాన్ఫిగ్‌తో లేస్తది. రీలోడ్ కాకుండా రీస్టార్టే ఎందుకంటే, రీలోడ్ పీర్లని మార్చుతది గానీ కొత్త ఐపీలకి రూట్‌లు వెయ్యదు.

పలాసకి పంపే ముందు ఆఖరి పరీక్ష ఇంకోటుంది. మెషిన్ నడుస్తుండగానే ప్లగ్ పీకేయండి, హాట్‌స్పాట్ కూడా ఆపండి, కాసేపాగి ముందు ప్లగ్ పెట్టండి, మెషిన్ పూర్తిగా లేచాకే హాట్‌స్పాట్ ఆన్ చెయ్యండి. గోడౌన్‌లో కరెంట్ వచ్చినప్పుడు జరిగేది కూడా అదే, మెషిన్ ముందు లేస్తది, ఫైబర్ బాక్స్ నెమ్మదిగా వస్తది. కీబోర్డ్ ముట్టుకోకుండా శ్రీకాకుళం వైపు డబ్ల్యూజీ షో లో హ్యాండ్‌షేక్ కొత్తదైతే బండి ఎక్కించేయండి. అవ్వకపోతే అవ్వేదాకా టేబుల్ మీదే ఉంచండి, పార్టీ ఎంత తొందరపెట్టినా సరే.

అక్కడ మెషిన్ ఎప్పుడైనా దొంగతనం అయినా, రిపేర్‌కి బయటికి ఇవ్వాల్సి వచ్చినా, శ్రీకాకుళం ఫైల్‌లో ఆ పీర్ భాగం తీసేసి సర్వీస్ రీస్టార్ట్ చెయ్యండి, ఆ కీ ఇక ఎక్కడినుంచీ లోపలికి రాదు. కొత్త మెషిన్ పెట్టినప్పుడు పాత కీ ఫైల్ కాపీ చెయ్యకుండా కొత్త జత తయారుచేసుకోండి.